కరుణను వెతుక్కుంటూ రేపల్లె, బాపట్ల

ఉదయం ఆరున్నరకు కొలకలూరులో ఆటో ఎక్కి తెనాలి స్టేషనుకు చేరాను. రేపల్లె ప్యాసింజరు ఏడు దాటాక కదిలింది. ఆ బండిలో సీటుకు ఇబ్బంది లేదు.

నేను బయల్దేరింది కరుణ కోసం. ఇజ్రాయెల్‌లో ఒక వృద్ధాశ్రమంలో ఇద్దరం నాలుగేళ్లు కలిసి పనిచేశాం. మూడో అంతస్తు మాది. అక్కడ సగం మంది చక్రాల కుర్చీల్లోనే ఉండేవారు. యుద్ధం మొదలైన రోజు సైరన్ మోగేసరికి నేను హన్నమ్మకు స్నానం చేయిస్తున్నాను. ఆమె అసలు పేరు హన్నా. నడుం కింద కదలిక లేని మనిషి. తువ్వాలు చుట్టి, "ఇప్పుడే వస్తా" అని చెప్పి మెట్లు దిగాను. కింద బాంబు షెల్టర్‌లో కూర్చున్నదాన్ని మళ్లీ లేవలేదు. నేను మెట్లు దిగుతుంటే నా పక్కనుంచే కరుణ పైకి పరిగెత్తింది.

వారం తిరక్కుండా విమానం ఎక్కి వచ్చేశాను. ఊళ్లో శాలువా కప్పారు. "ప్రాణాలకు తెగించి ముసలివాళ్లను కాపాడిందండి" అని మైకులో చెబుతుంటే తల వంచుకున్నాను. అందరూ అది వినయమనుకున్నారు.

కరుణ తిరిగొచ్చిందని మొన్ననే తెలిసింది.

భట్టిప్రోలులో ఎక్కిన పెద్దాయన, "ఎక్కడిదాకానమ్మా?" అన్నాడు.

"రేపల్లె అండి. స్నేహితురాలిని చూడ్డానికి."

"ఎదురుచూస్తా ఉంటదిలే" అన్నాడు.

స్టేషను నుంచి కరుణ ఇల్లు పది నిమిషాల నడక. వాళ్లమ్మ తలుపు తీసింది.

"నువ్వేనా కుమారివి? అది బాపట్లలో వృద్ధాశ్రమంలో పనికి చేరిందమ్మా, నెలైంది. టిఫిన్ తిని వెళ్లు."

ఇడ్లీ, అల్లం పచ్చడి పెట్టి ఎదురుగా కూర్చుంది. "మీరిద్దరూ కలిసి అందర్నీ కిందికి దించారంట గదా! కరుణ చెప్పింది."

సగం ఇడ్లీ వదిలేసి చెయ్యి కడుక్కున్నాను.

పదిన్నరకు చెరుకుపల్లి మీదుగా వెళ్లే బస్సు దొరికింది. బాపట్ల చేరేసరికి పన్నెండు దాటింది. ఆశ్రమంలో కరుణ, చేతులు పనిచేయని ఒక తాతకు పప్పన్నం తినిపిస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"వచ్చావా? ఆ ప్లేటు అందుకో. చివరి మంచం మీద మామ్మకి పెట్టు, ఆకలికి ఆగలేదు."

పెట్టాను. తర్వాత ఇద్దరం కుళాయి దగ్గర ప్లేట్లు కడుగుతుంటే అడిగాను.

"మీ అమ్మకి అబద్ధమెందుకు చెప్పావే?"

"నిజం చెబితే నీ గురించి అడుగుద్ది. ఏం చెప్పమంటావు?"

"హన్నమ్మ ఎలా ఉంది?"

"పోయిన చలికాలం నిద్దట్లో పోయింది." చేతిలో ప్లేటు కడిగి పక్కన పెట్టింది. "ఆ రోజు నేను పైకెళ్లేసరికి తడి ఒంటితో వణికిపోతా ఉంది. నన్ను చూడగానే ఒకటే అడిగింది, కుమారి కిందికి చేరిందా అని."

"నువ్వేమన్నావు?"

"చేరిందన్నాను. అప్పుడు ఊపిరి పీల్చుకుంది."

క్షమించానని కరుణ అనలేదు. నేనూ అడగలేదు.

సాయంత్రం నాలుగున్నరకు బాపట్లలో తెనాలి వైపు బండి ఎక్కాను. నిడుబ్రోలు దాటాక ఎదుటి సీట్లో కూర్చున్న, తెనాలి దగ్గర నందివెలుగు ఊరావిడ నన్ను పోల్చుకుంది.

"యుద్ధంలో ముసలివాళ్లను కాపాడింది మీరే కదండీ?"

"కాదండి. కాపాడింది కరుణ అని, రేపల్లె అమ్మాయి. నేను ఒకామెను స్నానాల గదిలో వదిలేసి పారిపోయాను."

ఆవిడ కాసేపు నావంక చూసి, ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

రేపల్లె, బాపట్ల చుట్టి రావడానికి ఒక్క పగలు చాలు. ఆ రెండు మాటలు చెప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది.