ఒక్కడే దిగిన డిటెక్టివు

ఇప్పుడైతే నవ్వుకుంటూ రాస్తున్నాను. మొన్నటి మే నెలలో మాత్రం ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు.

నా భార్య తండ్రి, మా మామయ్య, చండ్రుగొండలో ఇంటి నుంచి కిరాణా కొట్టు దాకా వెళ్లి, ఒక కాలికి చెప్పుతో, రెండో కాలు ఖాళీగా తిరిగొచ్చాడు. కుడి చెప్పు దారిలో ఎక్కడో జారిపోయింది. ఆ ఎండకు తారురోడ్డు మీద అరికాలు బొబ్బలెక్కింది. ఆయనకు మాత్రం చెప్పు పోయిన సంగతీ తెలియలేదు, కాలిన సంగతీ తెలియలేదు. మరునాడే ఖమ్మం తీసుకొచ్చి డాక్టరుకు చూపించాం. ఆయన మామయ్య మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి, పాదం మీద సూదితో గుచ్చి, వెన్నులో నరం నలుగుతోందన్నాడు. డిస్కు జారి ఉండొచ్చు, గడ్డ ఏదైనా ఉండొచ్చు, ఎమ్మారై స్కాను చూస్తేగాని చెప్పలేనన్నాడు. ఆలస్యం చేస్తే కాలు మళ్లీ స్వాధీనంలోకి రాకపోవచ్చని కూడా అన్నాడు. ఆ ‘గడ్డ’ అన్న మాట మా ఇంటికొచ్చి తిష్ట వేసింది. దాన్ని ఎవరూ పైకి అనలేదు. కూరగాయలమ్మ ‘ఆలుగడ్డ’ అని కేకేసినా నా భార్య ఉలిక్కిపడేది.

మామయ్య ముప్ఫై ఏళ్లు బొగ్గు బాయిలో పనిచేసి రిటైరైన మనిషి. గనిని అక్కడివాళ్లు బాయి అనే అంటారు. భూమి కింద కిలోమీటర్ల కొద్దీ నడిచి, కప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టి, మళ్లీ పైకొచ్చి టీ తాగినంత తేలిగ్గా దాని గురించి చెప్పేవాడు. అలాంటి మనిషి ఎమ్మారై సొరంగంలో రెండు నిమిషాలు కూడా ఉండలేదు. భయమేస్తే నొక్కమని చేతికిచ్చిన రబ్బరు బుడ్డిని ఎంత గట్టిగా పిసికాడంటే టెక్నీషియన్ పరుగెత్తుకొచ్చాడు. బయటికొచ్చాక చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పించి పెట్టుకుంటూ నన్ను పక్కకు పిలిచాడు.

“అల్లుడా, ఇంట్ల ఏం జెప్పకు. కరెంటు పోయిందని చెప్దాం.”

“అలాగే మామయ్యా. కానీ మళ్లీ రావాలి కదా?”

“ఎమ్మార్వో ఆఫీసుకు పోతే పని గాదు, ఎమ్మారైకి పోతే గాలాడది. ఈ ‘ఎమ్మార్’లే నాకు అచ్చిరావు.”

ఇద్దరం కలిసి ఇంటికొచ్చి అబద్ధం చెప్పాం. నా భార్య “అట్లనా” అని వంటింట్లోకి వెళ్లిపోయింది. నాలుగు రోజుల తర్వాత ఇంకో తారీఖు దొరికింది. అంతవరకు ఆయన మా ఇంట్లోనే ఉండాలి. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, ఆమె చండ్రుగొండ నుంచి కదల్లేదు.

ఇక్కడ నా గుట్టు ఒకటి విప్పాలి. నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. వయసు నలభై ఆరు. వేసవి సెలవుల్లో నా గది తలుపు మూసి ఉంటే ‘పేపర్లు దిద్దుకుంటున్నాడు’ అని ఇంట్లో చెప్పుకుంటారు. నిజానికి లోపల నేను కంప్యూటరులో డిటెక్టివ్ ఆటలాడుతుంటాను. అవీ మామూలువి కావు. నూరేళ్ల కిందటి పరదేశపు వింత కథల్లోంచి పుట్టినవి. మామూలు డిటెక్టివ్ కథలో హంతకుడు దొరకగానే కథ అయిపోతుంది. వీటిలో అలా కాదు. విచారించుకుంటూ పోగా పోగా, ఇదంతా చేసింది మనిషే కాదని, భూమి పుట్టకముందు నుంచి సముద్రం అడుగున పడుకున్న ఏదో ఒకటని తేలుతుంది. దానికి బేడీలు వేద్దామంటే చేతులెన్నో లెక్క తేలదు. స్క్రీను మూలన ఒక పచ్చ గీత ఉంటుంది. అది డిటెక్టివు మతి. చూడకూడనివి చూసిన కొద్దీ ఆ గీత తగ్గుతుంది, బొమ్మంతా వంకర్లు పోతుంది. ఒకసారి నా భార్య అది చూసి, “ఆడేటాయనకు గూడ గిట్లాంటి గీత పెడ్తే బాగుండు,” అంది.

స్కాను తప్పిన మర్నాడు మధ్యాహ్నం తెరలు దించి, కూలరు పెట్టుకుని ఆడుతుంటే తలుపు తీసుకుని మామయ్య వచ్చాడు. నేను గబుక్కున జవాబు పత్రాల కట్ట ఒకటి ఒళ్లోకి లాక్కున్నాను.

“ఏంది అల్లుడా, పేపర్లు గిట్ల మెరుస్తున్నయ్?”

దొరికిపోయాను. పిల్లనిచ్చిన మామ ముందు నా గీత ఆ క్షణాన సున్నాకు దిగింది. ఆయన మాత్రం ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. ఒంటరిగా ఉంటే కాలి గురించే ఆలోచన వస్తోందన్నాడు. సరే, కథ చెప్పాను. పొగమంచులో మునిగిన ఒక రేవు ఊరు. దీపస్తంభం కాపలాదారు కనిపించడం లేదు. అతన్ని వెతకడానికి పట్నం నుంచి డిటెక్టివు వచ్చాడు. కాపలాదారు గది గోడ నిండా అష్టపాదుల బొమ్మలు గీసి ఉన్నాయి.

“ఆక్టోపస్ అంటారు మామయ్యా. దానికి మూడు గుండెలుంటాయి.” ఎక్కడికెళ్లినా పాఠం చెప్పే జబ్బు నాది.

“మూడా! ఒక్క గుండెకే నాకు నిన్న గట్ల కొట్టుకున్నది. మూడుంటే ఎంత భయపడ్తదో పాపం.”

ఆ సాయంత్రం దాకా ఆయన కదల్లేదు. భయపెట్టడానికి ఆట చేసిన ఏర్పాట్లేవీ ఆయన మీద పనిచేయలేదు. చేప మొహాల మనుషుల్ని చూసి, “పాపం రక్తం తక్కువున్నట్టుంది,” అన్నాడు. గోడలోంచి గొంతులు వినిపిస్తే కూలరు శబ్దం అనుకున్నాడు. ఆ రోజు నాకు తెలిసిందేమిటంటే, నేను ఇన్నేళ్లు ధైర్యం తెచ్చుకుని ఆడుతున్న ఆట ఆయనకు పగటిపూట వచ్చే సీరియల్ లాంటిది.

మూడో రోజు ఆట ఉప్పు గోదాము దగ్గరికి చేరింది. గోదాము కింద మెట్లున్నాయి, చాలా లోతుకు. డిటెక్టివు లాంతరు వెలిగించుకుని దిగడం మొదలుపెట్టాడు. పది మెట్లు దిగాడో లేదో మామయ్య కుర్చీలోంచి ముందుకు వంగాడు.

“ఆగు ఆగు. ఒక్కడే దిగుతుండేంది?”

“డిటెక్టివు కదా మామయ్యా, ఒక్కడే దిగుతాడు.”

“పైన ఎవలకన్న చెప్పిండా?”

“లేదు.”

“కప్పు చూసుకున్నడా? కర్రతోని ఒక్క దెబ్బ గొట్టి చూడమను. డొల్లగ మోగితే ఎనక్కి రావాలె.”

“ఆ బటన్ లేదు మామయ్యా.”

“మల్ల ఏం డిటెక్టివు!” నిజంగానే కోపం వచ్చింది ఆయనకు. “బాయిల దిగే ముందు ల్యాంపు రూములో ప్రతోడూ ల్యాంపు తీస్కుంటడు. ఆడ కొక్కెం ఖాళీ అయితది. షిఫ్టు అయినంక ఏ కొక్కెం ఖాళీగుంటే ఆ మనిషి పైకి రాలేదని లెక్క. పైనున్నోడు చూస్తడు, అడుగుతడు. లోపల చీకట్ల ఉన్నోనికి ధైర్యం ఏందనుకున్నవ్? ల్యాంపు గాదు. పైన నా కొక్కెం ఖాళీగున్నది, దాన్ని చూసేటోడు ఒకడున్నడు. గదీ ధైర్యం.”

నేను ఆట ఆపేశాను. డిటెక్టివు మెట్ల మీద ఒక కాలు గాల్లో పెట్టి నిలబడిపోయాడు.

“మామయ్యా, ఆ మిషన్లో ఏం భయమేసింది?”

ఆయన స్క్రీను మీది మెట్ల వంక చూస్తూ చెప్పాడు. “చెప్పులు తీసుకున్నరు, గడియారం తీసుకున్నరు, మొలతాడు తావీజు గూడ ఇప్పిచ్చిండ్రు. నన్ను లోపలికి నూకి ఆ పిలగాడు తలుపేస్కొని పోయిండు. పోయేటోడు నా మొకం గూడ సక్కగ చూడలే. ఎవలున్నరు నాకు పైన? బాయిల ముప్ఫై ఏండ్లల్ల ఒక్కనాడు గట్ల అనిపియ్యలే.”

వెనకనుంచి గొంతు వినిపించింది. “కరెంటు పోయిందన్నరు గద నాయినా?”

నా భార్య మజ్జిగ గ్లాసులతో గుమ్మంలో ఉంది. ఇద్దరం బడిపిల్లల్లా నిలబడ్డాం.

“ఆనాడే తెల్సు నాకు. కొత్త తారీఖు కోసం ఫోన్ జేస్తే, ‘మీ నాయిన లేసి పోయిండమ్మా’ అన్నరు.” గ్లాసు నా చేతిలో పెడుతూ, “పెద్ద డిటెక్టివు,” అంది. అది ఎవరిని అందో చెప్పాల్సిన పని లేదు. నేను మూడు రోజులుగా ఇంట్లో రహస్యం దాస్తున్నాననుకున్నాను. ఆమె ఒక్క ఫోనుతో కేసు తేల్చేసి, మా ఇద్దరి పరువు కోసం ఊరుకుంది.

ఆ రోజే సెంటరుకు మళ్లీ ఫోన్ చేసి అడిగాం. ఒంటి మీద ఇనుపముక్క లేకుండా ఒకరు పేషెంటుతో పాటు గదిలో ఉండొచ్చన్నారు. కాలి దగ్గర నిలబడి పాదం పట్టుకుంటే చాలామంది కదలకుండా ఉంటారన్నారు. నా భార్యే ఉంటానంది గాని, స్కూటీ మీదనుంచి పడినప్పుడు చేతిలో వేసిన రాడ్డు ఉందని ఆమెను వద్దన్నారు. మిగిలింది నేను.

“నేనుంటాను మామయ్యా. మీ కాలు పట్టుకుంటాను.”

ఆయన మొహం మాడిపోయింది. “ఛీ ఛీ! అల్లుడు నా కాళ్లు పట్టుకునుడా? పెండ్లిల పళ్లెంల నీ కాళ్లు పెట్టి కడిగినోన్ని నేను. పట్టుకోవద్దు. నేను పోనే పోను.”

ఇదీ పరిస్థితి. ఒంటరితనం తీరే దారి దొరికితే మర్యాద అడ్డం వచ్చింది. జీవితంలో ఎన్నో పనుల కోసం ఎందరి కాళ్లో పట్టుకున్నాను, ట్రాన్స్‌ఫరు కోసం సహా. ఎవరూ ఇంత గట్టిగా వద్దనలేదు. డాక్టరు మాట గుర్తుచేశాను, అత్తమ్మ చేత ఫోనులో చెప్పించాను. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. చివరికి నా భార్య కుర్చీ ఆయన ఎదురుగా వేసుకుని కూర్చుంది.

“నాయినా, పెండ్లిల నువ్వు కాళ్లు కడుగుతుంటే ఈయన వద్దన్నడా?”

“ఎట్లంటడు?”

“బొమ్మ లెక్క కూసున్నడు గద?”

“అవ్.”

“సిగ్గు గాలేదా ఈయనకు?”

“అయ్యే ఉంటది.”

నిజమే, అయింది. అంత పెద్ద మనిషి నా ముందు వంగితే ఎక్కడ చూడాలో తెలియక పందిరి గుడ్డ మీద చారలు లెక్కపెట్టాను.

“ఆనాడు ఈయన ఓర్సుకున్నడు. రేపు నువ్వు బొమ్మ లెక్క పండుకొని ఓర్సుకో.”

ఆయన మజ్జిగ గ్లాసు ఖాళీ చేసి, “ఉప్పు ఎక్కువైంది,” అన్నాడు. మా ఇంట్లో అది ఒప్పుకోవడం కిందే లెక్క.

మర్నాడు పొద్దున్నే స్కాను. ఉంగరం, బెల్టు, తాళాలు, ఫోను అన్నీ నా భార్యకు అప్పజెప్పి ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని లోపలికి వెళ్లాను. ఇద్దరి చెవుల్లో దూది లాంటివి కుక్కారు. మామయ్యను సొరంగంలోకి జరిపారు. పాదాలు మాత్రం బయట మిగిలాయి. కుడి పాదం మీద చేయి వేశాను, అదే కదా జబ్బు కాలు. తలుపు మూసుకుంది. మిషను మొదలైంది. మొదట టకటక, తర్వాత రేకు మీద సమ్మెట పడ్డట్టు. ఏ ఆటలోనూ ఆ శబ్దం విననందుకు ఆటలవాళ్ల మీద జాలేసింది. నా సొంత గుండె మూడు గుండెలంతగా కొట్టుకుంటోంది.

రెండు నిమిషాలు గడిచాయో లేదో ఎడమ పాదం వణకడం మొదలైంది. సన్నగా మొదలై మడమ దాకా పాకింది. లోపల రబ్బరు బుడ్డి మీద వేళ్లు బిగుసుకుంటున్నాయని నాకు అర్థమైంది. నేను కుడి పాదాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. వణుకు పెరిగింది. అప్పుడు వెలిగింది నా బుర్ర. నేను పట్టుకున్నది స్పర్శ లేని కాలు! సూది గుచ్చినా తెలియని కాలిని పట్టుకుని నేను ధైర్యం చెబుతున్నాను. ఆయన లెక్కలో గదిలో ఎవరూ లేరు.

వెంటనే చేయి తీసి ఎడమ పాదాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను. ప్యాంటు సంగతి ప్యాంటు చూసుకుంది. పాదం ఒక్కసారి ఉలిక్కిపడి ఆగింది. తర్వాత బొటనవేలు నా అరచేతిని నొక్కింది. ఒకసారి ఆగి, ఇంకోసారి. వణుకు మెల్లగా తగ్గిపోయింది. మిషను ఇంకో ఇరవై నిమిషాలు మోగింది. నేను చేయి తీయలేదు, ఆయన బుడ్డి పిసకలేదు.

బయటికొచ్చాక మామయ్య అన్న మొదటి మాట, “ఎటు పోయినవ్ ముందుగాల?”

“తప్పు కాలు పట్టుకున్నాను మామయ్యా.”

“సదువుకున్నోనివి గద,” అని చొక్కా గుండీలు ఈసారి సరిగ్గా పెట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి రిపోర్టు వచ్చింది. డాక్టరు ఫిల్ము దీపానికి తగిలించి పై నుంచి కింద దాకా చూస్తుంటే నా భార్య నా చొక్కా మడత పట్టుకుంది. “గడ్డ ఏం లేదు,” అన్నాడాయన. డిస్కు జారి నరాన్ని నొక్కుతోంది. మందులు, నడుముకు బెల్టు, కొన్నాళ్లు వ్యాయామం. ఇప్పుడే వచ్చారు కాబట్టి కాలు స్వాధీనంలోకి వస్తుందని, ఆపరేషను అక్కర్లేకపోవచ్చని చెప్పాడు. ఆ ‘లేదు’ విన్నాక గట్టెక్కినట్టయి, మెట్ల మీద కూలబడింది నేను. జబ్బు మనిషి నా చేయి పట్టి లేపాడు.

బస్టాండు దగ్గర హోటల్లో భోజనానికి కూర్చున్నాం. నా భార్య అత్తమ్మకు ఫోన్ చేయడానికి బయటికి వెళ్లింది. మామయ్య పప్పన్నం సగం తిని, గోడకు తల ఆనించి, ఎడమ చేయి కంచం పక్కన పెట్టుకుని నిద్రపోయాడు. నాలుగు రోజుల నిద్ర. నేను కవరులోంచి ఫిల్ము తీసి కిటికీ వెలుగుకు పట్టాను. ఇరవై ఏళ్లుగా బోర్డు మీద వెన్నుపూసలు గీస్తున్నాను. తెలిసిన మనిషివి ఎప్పుడూ చూడలేదు. ఒకదాని కింద ఒకటి, కొంచెం అరిగి, ఒకచోట కొంచెం జారి, బరువు మోసిన వెన్ను ఎలా ఉంటుందో అలా ఉన్నాయి. వాటి చుట్టూ ఎక్కడా, ఏ మూలా, ఉండకూడనిది లేదు. రెండుసార్లు చూశాను.

పెరుగు గిన్నె పట్టుకొచ్చిన హోటలతను నా భుజం మీదుగా తొంగిచూశాడు.

“ఏంది సార్ అది?”

“మా మామయ్య,” అన్నాను.

అతను ఫిల్మునూ, గురక పెడుతున్న మనిషినీ మార్చి మార్చి చూసి, పెరుగు ఆయన కంచం పక్కన చప్పుడు కాకుండా పెట్టి వెళ్లాడు.