మూడుసార్లు పిలిచినా పలకకపోతే

తూనీగకి కూర్చున్న చోట కుదురుగా కూర్చోవడం ఈ జన్మలో చేతకాదు. ఆ పేరు పెట్టింది మొగుడు. చివరికి ఆఫీసులో కూడా అదే ఖాయమై, అసలు పేరు జీతం కాగితం మీద మాత్రం మిగిలింది. కరెంటు ఆఫీసు మూడో అంతస్తులో ఆవిడ కుర్చీకి చక్రాలు అరిగిపోయి రెండుసార్లు మార్చారంటే నమ్మాలి మరి.

ఆరేళ్లుగా ఆవిడ నెత్తికెత్తుకున్న పని ఒకటే. ఎక్కడైనా లైను తెగితే, మిగతా వీధులకి వేరే దారిన కరెంటు ఇవ్వాలి. ఇదివరకు ఆ పని కింద కంట్రోల్ రూములో ఒక మనిషి, ఒక ఫోను, గోడమీద పటం కలిసి చేసేవి. ఆవిడ దాన్ని చిన్న చిన్న ప్రోగ్రాములకి పంచింది. ఒక్కో స్విచ్చు దగ్గర ఒక పెట్టె, పెట్టెలో ఏజెంటు అనే ఒక ప్రోగ్రాము. పైనుంచి పెత్తనం చేసేవాడు లేడు, ఇరుగూ పొరుగూ మాట్లాడుకుని తమలో తామే తేల్చుకుంటాయి. ఇదంతా అత్తగారికి చెబితే, ఏజెంట్లంటే పాలసీలు అంటగట్టేవాళ్లు కదా, వాళ్లని తీసుకెళ్లి స్తంభాలకి కట్టడమేమిటని ఆవిడ నిజంగానే బెంగపడింది.

ఆ రోజు పదకొండింటికి నిజమైన లైన్ల మీద మొదటి పరీక్ష. పెద్ద ఇంజనీరు కొత్త చొక్కా తొడుక్కుని వచ్చాడు. పక్కన ముగ్గురు అతిథులు. తూనీగకి మాత్రం పొద్దుటినుంచీ మనసు మనసులో లేదు. ఏదో మర్చిపోయానన్న గుబులు. ఇంటికి ఫోన్ చేసి గ్యాసు కట్టేశారా అని అడిగింది. కట్టేశారు. ప్రోగ్రాము మళ్లీ మొదటినుంచి చదివింది. తప్పు దొరకలేదు. దొరికితేనైనా ప్రాణం కుదుటపడేదేమో!

పరీక్ష మొదలైంది. కావాలనే ఒక లైను ఆపారు. గోడమీది తెరలో పెట్టెలు ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నాయి. అతిథులు తలలూపుతున్నారు. ఆవిడకి ఉన్నట్టుండి మొగుడి గొంతు వినాలనిపించింది. ఆయన లైన్‌మన్. వరండాలోకి వెళ్లి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. మూడోసారీ మోగి మోగి ఆగిపోయింది. ఇక ఉండబట్టలేక వాళ్ల మేస్త్రికి చేసింది.

మేస్త్రి తాపీగా పలికాడు. ఆసుపత్రి వెనక లైనులో నిప్పురవ్వలు రాలుతున్నాయని కబురొస్తే వచ్చారట. కంట్రోల్ రూముకి ఫోన్ చేసి చెప్పాడట. మీ ఆయన స్తంభం ఎక్కుతున్నాడు, కంగారేం లేదన్నాడు.

"మరి అక్కడి పెట్టె?" అంది తూనీగ.

"స్విచ్చు తీసేసి దాని నోరు కూడా కట్టేశానమ్మా, ఇక ఎవరు పిలిచినా పలకదు. తాళంచెవి నా జేబులో ఉంది. ముప్పై ఏళ్లుగా మాకిదే పద్ధతి. అవతలివాడు పలకలేదంటే మనిషి పైనున్నాడని లెక్క. ఇక ఎవడూ చెయ్యి పెట్టడు."

తూనీగ ఏజెంట్లకి తన చేత్తో రాసిన నియమం సరిగ్గా దీనికి తలకిందులు. పక్క పెట్టెని నిమిషానికోసారి మూడుసార్లు పిలువు, పలకకపోతే చచ్చినట్టు లెక్క, దాని లైనుకి నీ వైపునుంచి కరెంటు ఇయ్యి. ఆ ఒక్క నియమాన్ని మెచ్చుకునే కదా పెద్ద ఇంజనీరు అందరికీ కాఫీ పోయించింది!

ఆయన్ని దింపెయ్యమని ఫోన్లో అరుస్తూ లోపలికి పరుగెత్తింది. తెరమీద పన్నెండో పెట్టె ఆసుపత్రి వెనకున్న పదకొండోదాన్ని పిలుస్తోంది. రెండుసార్లు పిలవడం అయిపోయింది. ఆవిడ చూస్తుండగానే మూడో పిలుపు వెళ్లింది. అన్నీ ఆపేసే ఎర్ర బటన్ పెద్ద ఇంజనీరు మోచేతి దగ్గర ఉంది. ఇంకా సగం కూడా కాలేదమ్మా అని ఆయన అడ్డం రాబోతే, ఆ మనిషిని కుర్చీతో సహా పక్కకి నెట్టి బటన్ నొక్కేసింది.

తెర నిశ్చలమైపోయింది. పరీక్షకని ఆపిన తొమ్మిది వీధులకీ కరెంటు రాలేదు. అతిథులు మొహమొహాలు చూసుకున్నారు. ఆరేళ్ల కష్టం వాళ్ల కళ్లముందే బూడిదలో పోసిన పన్నీరైంది. పెద్ద ఇంజనీరు మొహం కందగడ్డలా చేసుకుని ఏమిటీ పిచ్చిపని అని అడిగాడు.

"ఆ లైను మీద మా ఆయనున్నాడు సార్" అంది, నేలమీదే కూలబడి.

కింద కంట్రోల్ రూమునుంచి రిజిస్టరు తెప్పించారు. మేస్త్రి ఫోను, టైముతో సహా గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. పుస్తకంలో ఉన్నది పెట్టెలకెలా తెలుస్తుంది? చెప్పాల్సిన తోవ ఎవరూ వెయ్యలేదు, ఆవిడతో సహా. పన్నెండో పెట్టె ఇంకో నాలుగు సెకన్లు ఆగి కరెంటు వదిలేదని లెక్క తేలింది. పెద్ద ఇంజనీరే మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

మధ్యాహ్నం మొగుడు ఫోన్ చేశాడు.

"మూడుసార్లు చేశావట, కొంపలేం మునిగాయే?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తూనీగా... వినపడుతోందా? ఏమే, పలకవేం?"

ఏడుపు మింగడానికే సరిపోయింది, మాట రాలేదు.

"సరేలే. ఫోన్ పెట్టెయ్యను. నువ్వు పలికేదాకా ఆగుతా" అన్నాడు.

ఆగాడు. ఆవిడ ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, కళ్లు తుడుచుకుని, ప్రోగ్రాములో ఆ మూడు పిలుపుల నియమం ఉన్న చోటు వెతికి కొట్టేసింది.