1.5 వోల్టులు పెట్టింది నేనే

నిన్న పొద్దున్న తమ్ముడు ఫోన్ చేశాడు. "భయ్యా, ఇమ్ముని కొట్టేశారు" అన్నాడు.

ఇమ్ముకి గొడవలు కొత్తా ఏంటి? "ఏ హాస్పిటల్?" అని అడిగాను, చెప్పులు వేసుకుంటూ.

"హాస్పిటల్ అక్కర్లేదు భయ్యా."

ఒక చెప్పు వేసుకుని అలాగే కూర్చుండిపోయాను.

కామెంట్లలో అందరూ "యాక్సిడెంట్" అని రాస్తున్నారు. కాదు. చరోదా రైల్వే గేటు దగ్గర పొద్దున్నే తాగిన ఇద్దరు ఓ ముసలి రిక్షావాడిని కింద పడేసి తంతున్నారు. మా ఇమ్మాన్యుయేల్ బండి ఆపి మధ్యలోకి దూరాడు. వెనక నుంచి ఇనుప రాడ్డుతో తల మీద కొట్టారు.

చంపేశారు. ఆ మాటే రాయండి.

ఆ ఇద్దరూ పోలీసులకి దొరికారట. ముందు నాకు దొరికుంటే ఏం చేసేవాడినో ఇక్కడ రాయను. మా అమ్మ కూడా ఇది చదువుతుంది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. భిలాయ్ స్మృతి నగర్‌లో మా గోడకి అవతలి ఇల్లు వాళ్లది. వైశాలి నగర్‌లో ఓ షాపులో కంప్యూటర్లు బిగించేవాడు. కోపం ముక్కు మీదే ఉండేది. టెన్త్‌లో ఒకడు నన్ను అమ్మనాబూతులు తిడితే, వాడి పన్ను ఊడగొట్టి, దాన్ని కాగితంలో చుట్టి వాడి జేబులోనే పెట్టి పంపించాడు.

అలాంటివాడు ప్రాసెసర్ ముందు కూర్చుంటే మాత్రం వేరే మనిషి.

డిప్లొమా చదువుకి వాళ్ల నాన్న రత్నం అంకుల్ కొనిచ్చిన డ్యూయల్ కోర్ అది. 1.8 గిగాహెర్ట్జ్. దాన్ని ఓవర్‌క్లాక్ చేసి 2.7 దాకా పరిగెత్తించాడు. స్పీడ్ పెంచితే అది వోల్టేజ్ ఎక్కువ అడుగుతుంది. వోల్టేజ్ ఇస్తే వేడెక్కుతుంది. అందుకని ఒక్కో మెట్టు పెంచడం, గంటసేపు టెస్ట్ నడిపి టెంపరేచర్ చూస్తూ కూర్చోవడం.

70 డిగ్రీలు దాటిందా, వెనక్కి. "లాలచ్ మత్ కర్ బే, అత్యాశ వద్దు" అనేవాడు నాతో.

రెండేళ్ల కిందట, మే నెల మధ్యాహ్నం. స్టీల్ ప్లాంట్‌లో ఉన్న అంకుల్‌కి అన్నం డబ్బా ఇచ్చి రావడానికి వెళ్తూ నన్ను దాని ముందు కూర్చోబెట్టాడు. "చూస్తూ ఉండు రవీ, ముట్టుకోకు" అన్నాడు.

ముట్టుకున్నాను.

నాకు 3.0 కావాలి. ఎందుకంటే ఏం చెప్పను, 3.0 అని చెప్పుకోవడానికి బాగుంటుంది, అంతే. స్పీడ్ 3.0 పెట్టి, వోల్టేజ్ ఏకంగా 1.5కి ఎక్కించేశాను. స్క్రీన్ వచ్చింది. ఎగిరి గంతేసి టెస్ట్ పెట్టాను.

74.
79.
86.

ఆపేయాలి. మా ఊళ్లో చిన్నపిల్లాడికైనా తెలుసు, వేడెక్కితే మంట తగ్గించాలని. నేను తగ్గించలేదు. మే నెలలో భిలాయ్‌వాడు ఏ వేడికైనా చేసే పనే చేశాను. కిటికీ దగ్గరున్న కూలర్‌ని లాక్కొచ్చి, మూత తీసున్న క్యాబినెట్‌కి ఎదురుగా పెట్టి, ఫుల్‌లో తిప్పాను.

86 కాస్తా 63కి దిగింది. నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను.

అప్పుడే నీళ్లు పట్టిన కూలర్ అది. తడిసిన గడ్డిలోంచి గాలితో పాటు తుంపర్లు కూడా వస్తాయని మా అందరికీ తెలుసు, మంచం ఎక్కడ వేసుకోవాలో దాన్ని బట్టే చూసుకుంటాం. నాకు ఆ క్షణంలో గుర్తు రాలేదు.

ఠప్‌మంది. కాలిన వాసన.

కూలర్‌ని మళ్లీ కిటికీ దగ్గరికి తోసేశాను. బోర్డు బనీనుతో తుడిచాను. మూత బిగించి ఇంటికి పారిపోయాను.

సాయంత్రం వాళ్ల పెరట్లో అంకుల్ చేతిలో కూలర్‌కి నీళ్లు పట్టే రబ్బరు పైపు. గోడకి ఇవతల నేను. ప్రతి దెబ్బా వినిపించింది. నాలుగడుగుల గోడ అది, దూకి "నేనే అంకుల్" అంటే అయిపోయేది.

దూకలేదు. సిగ్గులేని వెధవని.

మర్నాడు కలిశాడు. చెవి కింద చర్మం లేచిపోయింది, చొక్కా వీపుకి అంటుకుపోయింది. "సచ్ బోల్. నిజం చెప్పు, నువ్వేనా?" అని అడిగాడు.

"కాదు" అన్నాను.

తంతాడనుకున్నాను. నా కళ్లలోకి చూసి, "సరే" అన్నాడు.

ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. నా కంప్యూటర్ కూడా వాడే బిగించాడు. కాకపోతే వోల్టేజ్ మార్చే సెట్టింగ్స్‌కి పాస్‌వర్డ్ పెట్టి, అదేంటో నాకు చెప్పలేదు. ఎందుకురా అంటే, "గర్మీ బహుత్ హై, వేడి ఎక్కువగా ఉందిరా" అని పగలబడి నవ్వాడు.

ఈరోజు పొద్దున్న సమాధుల దొడ్లో మట్టి వేశాక, అంకుల్ దగ్గరికి వెళ్లి చెప్పేశాను. ఆ రోజు కంప్యూటర్ కాల్చింది నేనని. కొట్టమన్నాను.

అంకుల్ నావైపు చూడలేదు. మట్టి వైపే చూస్తూ అన్నారు.

"ఆడు సెప్పినాడ్రా. ఆ రోజే సెప్పినాడు. నాను కాదు నానా, రవిగాడు ముట్టుకున్నాడు అన్నాడు. సేసిందంతా సేసి పక్కోడి మీదకి తోస్తావేట్రా అని ఇంకా బాదినాను."

తర్వాత ఆయన తన చెంప మీద తనే కొట్టుకోవడం మొదలుపెట్టారు. ఏళ్ల తరబడి ఫర్నేస్ దగ్గర పనిచేసిన చెయ్యి. నలుగురం పట్టుకున్నా ఆగలేదు.

వాడు నిజమే చెప్పాడు. ఇంట్లో నమ్మలేదు. ఆ ఒంటితో నా దగ్గరికి వచ్చి అడిగితే, నేనూ కాదన్నాను.

ఇమ్మూ, సచ్ బోల్ అన్నావు కదరా. ఇదిగో, అందరి ముందూ చెప్తున్నా.

నేనే.

ఎవరూ చెయ్యెత్తని చోట చల్లగా పడుకోరా.