మూడు పూతల టెంటు

మైపాడు బీచిలో నా టెంటు సంగతి మా ఆయన మీ అందరికీ అప్పుడే చెప్పేసినాడంట గదా. ఆయన చెప్పింది సగమే. మిగతాది నేను చెప్తా, టీ తాగతా వినండి. నవ్వొస్తే నవ్వుకోండి, నాకేం సిగ్గు లేదు.

ముందు ఒక మాట. నాకు యాభై నిండినాయి. ఇన్నేళ్ళలో నేను ఇల్లు వదిలి పడుకున్నదంతా పెళ్ళిళ్ళలో, ఆస్పత్రుల్లో. ఒక్క రోజన్నా సముద్రం పక్కన పడుకుని, పొద్దున్నే లేచి దాన్ని చూడాలనుకున్నా. మా ఆయనకి చెప్తే, "రిసార్టులో రూమ్ తీసుకోవచ్చు గదా. ఈ కార్తీకంలో టెంటు ఏంది? వానకి నానిపోతావు," అన్నాడు.

"నాననని చూపిస్తా," అన్నా. ఆ మాట అన్నాక ఇంక వెనక్కి పోయేదెట్లా?

నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక షాపుకి పోయినా. షాపాయన రెండు టెంట్లు చూపించినాడు. ఒకదానికి కుట్ల మీద టేపు వేసి ఉంది కానీ అది ఆరుగురు పట్టేది, ఇంటికి తేవాలంటే ఆటో కావాలి. రెండోది ఇద్దరికి, చంకలో పెట్టుకుని పోవచ్చు. "ఇదీ ఫుల్ వాటర్‌ప్రూఫే మేడం," అన్నాడు. నేను సైన్స్ టీచర్ని, ఊరికే నమ్ముతానా? బ్యాగులో బాటిల్ తీసి ఆ గుడ్డ మీద అక్కడే నీళ్ళు పోసినా. గుడ్డ బాగానే ఆపింది. కుట్ల దగ్గర మాత్రం టపటపా కారి ఆయన బిల్లు పుస్తకం తడిసింది. "వాన ఇట్లా ఒకే చోట పడదు మేడం," అన్నాడు పాపం.

కుట్లే గదా, నేనే మూసేస్తా అనుకుని ఆ చిన్నదే కొన్నా. దాంతోపాటు కుట్లకి పూసే జిగురు ట్యూబు, గుడ్డకి పూసే వాటర్‌ప్రూఫ్ డబ్బా. పల్చగా ఒక్క పూత పూసి రోజంతా ఆరబెట్టమని డబ్బా మీద రాసుంది. పల్చటి పూత ఒకటికే నీళ్ళు ఆగితే, మందంగా మూడు పూతలకి ఇంకెంత ఆగాలి? మిద్దె మీద టెంటు పరిచి, కుట్లకి జిగురు పట్టించి, లోపలా బయటా మూడేసి పూతలు పూసినా.

మా ఆయన పైకొచ్చి చూసి, "దోసెకి నూనె పోసినట్టు పోస్తుండావే. డబ్బా మీద చదివినావా?" అన్నాడు.

"చదివిందీ నేనే, పూసేదీ నేనే," అన్నా. ఆయన కిందికి పోయినాడు.

సాయంత్రానికి మబ్బు పట్టింది. వేలితో తాకితే అంటలేదు, ఆరిందిలే అని మడిచేసినా. మడిచింది సంచిలో పట్టదే. గాలంతా పోయి అణుగుతుందని దాని మీద మొలగొలుకుల బియ్యం బస్తా ఎత్తి పెట్టినా. నాలుగు రోజులు ఆ బస్తా కిందే ఉండింది.

ఆదివారం మధ్యాహ్నం, మా స్కూల్లో తెలుగు చెప్పే సుజాతా నేనూ స్కూటీ మీద మైపాడు పోయినాం. పడవలు ఒడ్డుకి లాగిన చోట కావేరమ్మ అని ఒకామె వల బాగుచేసుకుంటుండింది. ఆమెని అడిగి, అక్కడే సంచి విప్పినా. లోపలినుంచి టెంటు రాలేదు. పలక వచ్చింది.

సుజాత ఒక కొస, నేనొక కొస పట్టి లాగినాం. చర్రుమని జానెడు విడిపోయి ఆగిపోయింది.

"ఏందక్కా అది?" అంది కావేరమ్మ.

"టెంటమ్మా."

"విప్పేదా, చించేదా?"

అంటూనే తన మొగుణ్ణి పిలిచింది. ఇద్దరూ చెరో కొస పట్టినారు. నలుగురం వల లాగినట్టు లాగినాం. కిటికీ జాలీ ఊడి కావేరమ్మ చేతికొచ్చింది. పైగుడ్డా నేలగుడ్డా మాత్రం ఒకదాన్నొకటి వదల్లేదు. తలుపు జిప్పు దగ్గర కొంచెం సందు తెరుచుకుంది, అంతే.

అంతలో సముద్రం మీదనుంచి వాన వచ్చేసింది. సుజాత వలల షెడ్డులోకి పరిగెత్తింది. నేను పోలేదు. అన్ని రోజులు వాదించి, మొదటి చినుక్కే పరిగెత్తేదా? ఆ సందులో తల దూర్చినా. తల పట్టింది. ఒక చెయ్యి కూడా పట్టింది. భుజం దగ్గర ఆగిపోయింది. మిగతా మనిషినంతా బయటే. అట్లాగే టెంటు తలకి తొడుక్కుని ఇసకలో కూర్చున్నా.

కాసేపటికి పక్కన కావేరమ్మ గొంతు వినపడింది. "లోపల బాగుండాదా అక్కా?"

"బాగుండాది."

"కాళ్ళు తడుస్తుండాయే."

"కాళ్ళదేముందిలే."

ఆమె ఇంక వాదించలేదు. నా చెయ్యి పట్టుకుని, చూపు లేని ముసలామెని రోడ్డు దాటించినట్టు, తలకి టెంటుతోనే షెడ్డులోకి నడిపించుకుపోయింది. తల బయటికి తియ్యడానికి ఇంకో పది నిమిషాలు పట్టింది. కొంచెం జుట్టు దానికే వదిలేసినా.

"మీ ఆయనకి ఫోన్ చేద్దాం, కారు తెస్తాడు," అంది సుజాత. వద్దన్నా. ఆ షెడ్డులోనే వలల మీద పాత టార్పాలిన్ పట్ట పరుచుకుని పడుకున్నాం. పొద్దున కళ్ళు తెరిస్తే ఎదురుగా సముద్రం. కావేరమ్మ టీ తెచ్చిచ్చింది. నేను పోయింది దానికే గదా, దొరికింది.

మా ఆయన ఎగతాళి చేస్తే చెయ్యనీ. మిమ్మల్ని ఎవరన్నా అడిగితే మాత్రం ఉన్నదున్నట్టు చెప్పండి. అంత వానలోనూ నా టెంటు లోపలికి ఒక్క చుక్క నీళ్ళు పోలేదు. తలా చెయ్యీ తప్ప నేనూ పోలేదనుకోండి, అది వేరే సంగతి.