నూనె తీసిన బేరింగును తిప్పిందెవరు?

నేను చెప్పేది ఎవరూ వినరని నాకు కొత్తగా తెలియవలసిన పని లేదు గానీ, మొన్న మా ఊరి వాట్సాప్ గ్రూపులో జరిగింది చూశాక మాత్రం ఈ నాలుగు మాటలు రాయక తప్పలేదు. మా బావ, అంటే మా మేనమామ కొడుకు, నా భార్యకు అన్న, తుంగభద్ర ఒడ్డున పైకప్పు కూలిపోయిన మా పాత పంపుహౌసు ఫోటో ఒకటి పెట్టి, ఒకప్పుడు ఊరికంతా అన్నం పెట్టిన చోటనీ, ఆపరేటరు నూనె పోయడం మరచిపోయి ఒక ఏడు పంట మొత్తం ఎండబెట్టాడనీ రాసి, పక్కన పళ్ళికిలించే బొమ్మ పెట్టాడు. పేరు రాయలేదు. మా ఊళ్ళో ఆ ఆపరేటరు పేరు రాయవలసిన అవసరం ఎవరికీ లేదు. నేను గంటసేపు కూర్చుని, జరిగింది జరిగినట్టు రాసి పెట్టాను. వంద మందికి పైగా చదివినట్టు గుర్తులు పడ్డాయి. ఒక్కరూ ఉలకలేదు, పలకలేదు. ఆ వెంటనే ఎవరి మనవడిదో పుట్టినరోజంటే మాత్రం పూలగుత్తుల బొమ్మలు కుప్పలుగా వచ్చిపడ్డాయి.

నా వయసువాళ్ళకు బండి ఇరుసుకు కందెన పెట్టడం గుర్తుండే ఉంటుంది. మా నాయన గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి, ముద్ద చేసి, బండికింద వేలాడే కొమ్ములో దాచేవాడు. చక్రం కిర్రుమంటే ఎద్దులకంటే ముందు ఆయనకే నొప్పి పుట్టేది. తిరిగేదానికీ దాన్ని మోసేదానికీ మధ్య ఏదో ఒకటి ఉండాలన్న సంగతి నాకు ఆ కొమ్ము దగ్గరే తెలిసింది. ఆ తరువాత ఆదోనిలో నాకు పని నేర్పిన సాయిబు మేస్త్రి, ఆయనను నేను చాచా అని పిలిచేవాణ్ణి, అదే సంగతిని ఇంకా బాగా చెప్పాడు.

"ఇనుముకు ఇనుము తగలగూడదప్పా. మధ్యన ఉల్లిపొరంత నూనె నిలబడల్ల. ఆ పొర ఉండేదాకా నీ మిషను నీళ్ళ మీద పడవ. పొర తెగిందా, ఆకురాయి మీద కత్తి!"

మా ఊరి పంపు బేరింగులు ఇప్పటి గుండ్ల బేరింగుల్లాంటివి కావు. లోపల తెల్లటి మెత్తని లోహం పోసిన బుష్షులు. కింద చిన్న తొట్టిలో నూనె ఉండేది. ఇరుసు మీద వదులుగా వేలాడే ఒక ఇత్తడి ఉంగరం, ఇరుసుతో పాటు తానూ తిరుగుతూ, తొట్టిలో మునిగి, నూనెను పైకి తెచ్చి ఇరుసు మీద పోసేది. పైన మూత తెరిస్తే ఆ ఉంగరం తిరగడం కనిపించేది. రోజూ పొద్దున్నే మూత ఎత్తి దాన్ని చూస్తేనే గాని నాకు టీ తాగబుద్ధయ్యేది కాదు. బేరింగు మీద అరచెయ్యి పెట్టి పది అంకెలు లెక్కపెట్టగలిగితే ఫరవాలేదు. అంతకు ముందే చెయ్యి తీయవలసి వస్తే ఏదో తేడా ఉన్నట్టే.

ఆ ఏడు ముంగారులో, అంటే తొలకరిలో, ఒక్క పదును వాన పడి, వేరుశనగ మొలిచి, పూసి, తీరా ఊడలు నేలలోకి దిగే వేళకు మబ్బు మాయమైంది. నేల రాయిలా గట్టిపడింది. ఊడ మట్టిలోకి దిగకపోతే కాయ లేదు, కాయ లేకపోతే ఊళ్ళో ఏ ఇంటికీ ఆ ఏడు లేదు. ఉన్న రెండు పంపుల్లో ఒకదాని మోటారు చుట్ట కాలి రిపేరుకు కర్నూలు పోయి ఉంది. మిగిలిన ఒక్క పంపు మీద ఊరంతా ఆధారపడింది. ఆ పంపులను నడిపే రైతుల సొసైటీకి ప్రెసిడెంటు మా మేనమామ. నాకు పిల్లనిచ్చింది, ఆపరేటరు పని ఇప్పించింది కూడా ఆయనే.

నీళ్ళు వదిలే రోజు పొద్దున గంగపూజ. పూజకు ముందు పంపును కాసేపు నడిపి, మూత ఎత్తి ఉంగరం చూసి, ఆపాను. ఇంతలో హారతి పళ్ళెం పట్టుకోమని పిలిస్తే బయటికి పోయాను. మూత వెయ్యలేదు. ఇది నేను ఎప్పుడూ దాచలేదు, ఇప్పుడూ దాచను. మా మామ కలశం ఎత్తి, పసుపునీళ్ళు ధారగా మిషను నెత్తిన పోశాడు. గంగమ్మ నీళ్ళు లోపల కూడా తగలాలని తెరిచి ఉన్న చోట ఇంకొంచెం ఎక్కువే పోశాడు. నేను లోపలికి వచ్చి మూత వేసేసరికి పూజ అయిపోయింది, జనం కేకలు పెడుతున్నారు, స్టార్టరు పిడి ఎత్తాను. లోపలికి ఎంత పోయిందో చూసుకోలేదు.

మధ్యాహ్నానికి బేరింగు మీద చెయ్యి పెడితే మూడు అంకెలు కూడా రాలేదు. మూత ఎత్తి చూస్తే తేనెరంగులో ఉండవలసిన నూనె పాలుపోసిన టీ రంగులో ఉంది. నీళ్ళు కలిసిన నూనె నురగ కడుతుందే గాని పొర కట్టదు. స్క్రూడ్రైవరు మొన బేరింగుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాను. రోజూ వినిపించే జోల లాంటి హోరు లేదు. రాగిచెంబును ఇసుకతో తోముతున్నట్టు ఉంది. గోనెపట్టా తడిపి కప్పాను. అది ఆవిరి కక్కింది గాని వేడి దిగలేదు.

కబురు పెడితే మా మామ వచ్చాడు, వెనక నలుగురైదుగురు రైతులూ మా బావా.

"ఏమల్లుడా, పూజ చేసి తిన్నగా నాలుగు గంటలు గాలే, అప్పుడే నిలబెడ్తానంటాండావంట?"

"నూనెలో నీళ్ళు చేరిండాయి మామా. మూడు గంటలియ్యి. సల్లార్చి, నూనె తీసి, కిరసనాయిలుతో కడిగి, కొత్త నూనె పోస్తా. ఇట్లనే నడిస్తే బుష్షు కరిగిపోతాది."

"తొలినీళ్ళు సివరి మడికి ఎక్కేదాకా నీళ్ళు తోడే కపిలె ఎద్దుల్ను ఇప్పేది లేదు. మా తాతల కాలం నాటి మాట అది. నీ మిషనొచ్చి దాన్ని మార్చదు."

"కపిలెకైతే అలిసిన ఎద్దుల్ను ఇప్పి ఇంకో జత కడ్తారు గదా మామా. దీనికి కట్టేకి ఇంకో జత యాడుండాది?"

రైతుల్లో ఒకాయన నవ్వాడు. ఆ నవ్వు మా మామకు గుచ్చుకుందని నాకు తరువాత అర్థమైంది. పొద్దు వాలకముందే నీళ్ళు పారాలని చెప్పి వెళ్ళిపోయాడు. అంటే ఒప్పుకున్నట్టే. నేను పంపు ఆపాను.

గంటసేపు చల్లారనిచ్చి, అడుగు బిరడా విప్పి, ఆ పాలరంగు నూనెనంతా బకెట్టులోకి దింపాను. కొత్త నూనె డబ్బా ఊళ్ళో సొసైటీ గదిలో ఉంది. తాళంచెవి మా మామ ఇంట్లో. నేనే పోవాలి. మా బావ అక్కడే గడపలో కూర్చుని బీడీ తాగుతున్నాడు.

"బావా, నేనొచ్చేదాకా ఎవుర్నీ ముట్టనియ్యొద్దు. లోపల సుక్క నూనె లేదు."

"పో బావా, నేనుండా గదా," అన్నాడు.

పోయే ముందు ఫ్యూజులు పీకి జేబులో వేసుకుని ఉండవలసింది. చాచా నాకు నేర్పిన మొదటి పాఠమే అది. పీకలేదు. బావ ఉన్నాడు కదా అనుకున్నాను. ఇన్నేళ్ళలో నన్ను నేను తిట్టుకున్నది ఆ ఒక్కదానికే.

ఊళ్ళో మా మామ ఇంట్లో లేడు. అత్త తాళంచెవి వెతికి ఇచ్చేసరికి కొంత ఆలస్యమైంది. డబ్బా సైకిలు వెనక కట్టుకుని కాలువగట్టు మీద తిరిగి వస్తున్నాను. కాలువ అడుగున బురద మాత్రమే మిగిలి ఉంది. పంపుహౌసు కనిపించే మలుపు తిరిగేసరికి ఆ బురద మీద ఎండుటాకులనూ నురగనూ తోసుకుంటూ నీళ్ళు నాకు ఎదురు వస్తున్నాయి. గట్టు మీద రైతులు చప్పట్లు కొడుతున్నారు. ఒకాయన నన్ను చూసి, శానా బాగా చేసినావప్పా అని చెయ్యి ఊపాడు. నీళ్ళను చూసి భయపడటం రాయలసీమలో పుట్టినవాడికి ఎంత అరుదో మీకు తెలుసు. ఆ రోజు నేను భయపడ్డాను. ఎలా తొక్కానో తెలియదు. పంపుహౌసు ఇంకా వంద గజాలు ఉందనగా పందిని పొడిచినట్టు ఒక అరుపు, ఆ తరువాత ఒక దెబ్బ, ఆ తరువాత ఏమీ లేదు.

లోపల పొగ. కరిగిన తెల్లలోహం బొట్లుబొట్లుగా దిమ్మె మీద పడి గడ్డకట్టి ఉంది. ఇరుసు నీలంగా మారిపోయింది. ఒక గోడకు ఆనుకుని మా మామ, ఇంకో గోడకు ఆనుకుని మా బావ. ఇంకెవరూ లేరు. స్టార్టరు ఎవరు ఎత్తారని అడిగాను. ఇద్దరూ నేల చూశారు.

మరుసటి రోజు ఇంజనీరు వచ్చాడు. రెండు వేళ్ళు తొట్టిలో పెట్టి బయటికి తీశాడు, పొడిగా వచ్చాయి. నూనె ఏదయ్యా అన్నాడు. నేను మూలనున్న బకెట్టు చూపించాను. జరిగింది చెప్పాను. ఆయన ఆ బకెట్టు వైపు వంగి కూడా చూడలేదు. నూనె లేకుండా నడిపినందువల్ల అని కాగితం మీద రాసుకున్నాడు. రాసింది అబద్ధం కాదు. ఎవరు నడిపారని మా మామను అడిగితే, ఆపరేటరు పని ఆపరేటరుదే కదా సార్ అన్నాడు. మా బావ అక్కడే ఉన్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఏదో చెబుతాడనుకుని అటు తిరిగాను. ఉమ్మేసి వచ్చాడు.

కొత్త బుష్షులు వచ్చి, ఇరుసు సానబట్టించి తెచ్చేసరికి ఊడలు నేలకు అంగుళం పైనే సూదుల్లా ఎండి నిలబడ్డాయి. పశువులను తోలి మేపుకున్నారు. నన్ను పనిలోంచి తీసేశారు. ఎడారిగా మారిన చేలగట్ల మీద నడుస్తుంటే పిల్లలు కూడా నూనె మరిచినోడు అనేవాళ్ళు. పంట పోయినవాళ్ళ కోపం నాకు అర్థమైంది, దానికి నేనేమీ అనలేదు. భార్యను తీసుకుని బేతంచెర్లకు వచ్చి, బండలు పాలిషు పట్టే మిషన్ల దగ్గర చేరాను. రాతిపొడి ఎగిరే చోట బేరింగును కాపాడటం కంటిపాపను కాపాడినట్టే. రిటైరయ్యేదాకా నా చేతికింద ఒక్క బేరింగు కూడా నూనె లేకో, గ్రీజు లేకో కాలలేదు. ఆ సంగతి మా ఊళ్ళో ఎవరూ అడగలేదు.

మా మామను బతికుండగా మూడుసార్లు అడిగాను. రెండుసార్లు లేచి వెళ్ళిపోయాడు. మూడోసారి మాత్రం, "ఇడ్సిపెట్టప్పా, మరుసటేడు పండ్లేదా ఏంది?" అన్నాడు. పండింది. పండిందాన్ని ఎవరు కాదన్నారు? ఆయన పోయి కూడా చాన్నాళ్ళయింది. నా భార్యను ఒకసారి అడిగితే, నాయన ఒకపక్క, అన్న ఒకపక్క, మొగుడు ఒకపక్క, నన్ను మాత్రం అడగొద్దు అంది. ఆమెను మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు ప్రతి చేలోనూ బోరు ఉంది. పంపు నేలలోపల ఎక్కడో తిరుగుతుంది, దానికి నీళ్ళే నూనె. మిషన్లకు వచ్చే బేరింగులు రెండుపక్కలా మూతలు బిగించి, లోపలే గ్రీజు నింపి వస్తున్నాయి. ఎవరూ తెరవక్కర్లేదు, చెవి పెట్టి వినక్కర్లేదు, అరిగితే పారేసి ఇంకొకటి వేస్తారు. మంచిదే, కాదనను. మనుషులు మరచిపోతారని తెలిసినవాడెవడో వాటిని తయారు చేసి ఉంటాడు. కానీ తిరిగే ఉంగరాన్ని రోజూ ఒక మనిషి వంగి చూసుకునే కాలం ఒకటి ఉండేదని, ఆ మనిషి ఒక్కరోజు కూడా మరవలేదని చెప్పడానికి ఆ కూలిన గోడలు తప్ప ఏమీ మిగల్లేదు. వాటి ఫోటో కిందనే నన్ను మరచినవాడని రాశారు.

బావా, నీ వయసు నా వయసే. ఆ గదిలో ఉన్న ముగ్గురిలో ఇద్దరం మిగిలాం, అందులో తెలిసినవాడివి నువ్వొక్కడివి. స్టార్టరు ఎత్తిన చెయ్యి మామదా, నీదా? మామదని రాస్తే నమ్ముతాను, పోయినవాడి మీద నెట్టావని అనను. నీదని రాస్తే ఆ తరువాత ఒక్క మాట కూడా అడగను. పంటకూ నాకు పోయిన పనికీ లెక్క చెప్పమనడం లేదు. ఇంజనీరు ఎదుట గొంతు సవరించుకున్నావే, అప్పుడు నోటిదాకా వచ్చిన పేరు ఏదో అది కావాలి. ఫోటో పెట్టిన చోటనే, అందరూ చదివేలా రాయి. రాసేదాకా రోజూ పొద్దున ఇదే అడుగుతాను.