సమ్మయ్య చెట్టు కింద నా హేతువాదం

మీరు ఎప్పుడైనా ఒక మనిషిని వాదనలో చిత్తుగా ఓడించి, ఆ తర్వాత అతని ఇప్పపువ్వు దొంగిలిస్తూ పట్టుబడ్డారా? నేను పట్టుబడ్డాను. సాక్ష్యం లేనిదే దేన్నీ నమ్మకూడదని ఊరూరా ఉపన్యాసాలిచ్చిన నేను, గంపతో సహా దొరికిపోయాను.

రాజకీయాలు నన్ను పిప్పి చేసిన రోజులవి. దంతెవాడలో పొద్దున లేస్తే ఫోన్‌లో వాదన, కంచం ముందు వాదన. వినేవాళ్లు లేకపోతే స్నానాల గదిలో చెంబుతో వాదన. చెంబు కూడా ఒప్పుకునేది కాదు. ఆ ఊపులోనే మా సొంతూరు మద్దేడులోని సమ్మయ్యను, పలక పట్టిన నాటి నుంచి నా స్నేహితుణ్ణి, వేరే పార్టీకి ఓటేశాడని బ్లాక్ చేశాను. గెలిచాననుకున్నాను. రెండేళ్లు గడిచినా, బజారులో ఎవరైనా "ఏందిరో" అంటే చాలు, అతనేమోనని తల తిప్పి చూసేవాణ్ణి.

నాకు నిద్ర పట్టడం లేదని తెలిసి అక్క మద్దేడుకు పిలిపించింది. ఇప్పపువ్వు రాలే కాలం. తెల్లవారుతుండగా గంప చేతికిచ్చింది.

"తమ్మీ, పుట్ట పక్కన చెట్టు మనది. దాని అవతలిది సమ్మయ్యోళ్లది. అటు పోకు."

"నాకు తెల్వదా అక్కా?"

"నీకు తెలిసేదంత పేపర్లల్లనే."

మా దగ్గర ఏ చెట్టు ఎవరిదో కాగితం మీద ఉండదు. అయినా ఒకరి చెట్టు కింద మరొకరు పువ్వు ఏరరు. ఏరితే పంచాయితీయే. ఈ కట్టుబాటును మెచ్చుకుంటూ నేనొక వ్యాసం కూడా రాశాను, గమనించండి.

వంగి ఏరుతున్నాను. బుర్రలో మాత్రం సమ్మయ్యను మళ్లీ ఓడించే జవాబు తయారవుతోంది. ఏడో పాయింటుకు గంప నిండింది. తలెత్తితే ఎదురుగా సమ్మయ్య, ఖాళీ గంపతో. పుట్ట ఎక్కడో నా వెనక ఉండిపోయింది. చిన్నప్పుడు ఇద్దరం కలిసి ఏరిన చెట్టు కిందికే నా కాళ్లు నడిచాయి.

"ఏందిరో," అన్నాడు. "మా పార్టీ చెట్టు కింద నీకేం పని?"

"పొరపాటైందిరా."

"సబూత్ లేనిదే నమ్మొద్దని నువ్వే అంటవు గదా. సబూత్ ఏది?"

గంప అతని ముందు పెట్టాను.

"అక్కకు చెప్పకు."

"చెప్పనులే. కూసో."

జేబులోంచి ఫోన్ తీసి ఏదో నొక్కాడు. నా గొంతు. ఎన్నికలప్పుడు నేను పంపిన వాయిస్ మెసేజ్, అతన్ని చీల్చి చెండాడుతోంది.

"ఇది ఇంకా పెట్టుకున్నవా?"

"పువ్వు ఏరేటప్పుడు రోజూ పెట్టుకుంట. నువ్వు బ్లాక్ జేస్తివి, కొత్తయి రాకపాయె."

"మరి నా వాదనకు ఏమంటవు?"

"వాదన ఎవడు విన్నడురా? నీ గొంతు కోసం పెట్టుకున్న."

ఆ గంపను అతని ఇంటిదాకా నేనే మోశాను. ఓటు సంగతి ఇప్పటికీ తేలలేదు. తప్పు అతనిదే, అందులో అనుమానం లేదు. హేతువాదికి దేవుడి మీద ఒట్టు కుదరదు కాబట్టి పుట్ట సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: పుట్ట ఎటుందో చూడకుండా పువ్వుకు వంగను, స్నేహితుడి గొంతు వినకుండా పాయింట్లు లెక్కపెట్టను.

మీరు బ్లాక్ చేసిన మనిషి పేరు ఈపాటికి మీకు గుర్తొచ్చే ఉంటుంది. ఈ పుస్తకం మూసి ఫోన్ తీయండి. ఓటు ఎవరికేశారని అడగొద్దు. ఇవాళ ఏం కూర అని అడగండి.