సుశీలమ్మ మార్చిన రంగు

మొన్న మా వీధిలో ఎవరో గేటుకు ఎర్ర రంగు వేస్తున్నారు. ఆదోనిలో దుకాణాల బోర్డులు రాసి బతికినవాణ్ణి, ఎనామిల్ ఘాటు నాకు కొత్త కాదు. అయినా ఆ వాసనకు కాళ్ళు ఆగిపోయాయి. సుశీలమ్మ గుర్తొచ్చారు.

ఆమె ఆదోని పత్తి వ్యాపారుల ఇంటి ఆడబిడ్డ. కళాశాలలో భూగర్భ జలాల గురించి పాఠాలు చెప్పి, ఉద్యోగం ముగిశాక పల్లెలు పట్టుకుని తిరిగేవారు. మా వైపు కొన్ని బోరింగుల నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. అవి తాగి పెరిగిన పిల్లల పళ్ళు గారపడతాయి, పెద్దవాళ్ళకు కీళ్ళు బిగుసుకుంటాయి. నీటి పరీక్షల కాగితాలు పంచాయతీ గోడకు అతికించినా ఎవరూ చదివేవారు కాదు. "చదివేది గాదు వీరేశా, చూసేది కావాల" అంటూ ఆమె నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఫ్లెక్సీలొచ్చి నా కుంచెకు పని లేని రోజులవి.

ఎమ్మిగనూరు దారిలోని ఒక పల్లెలో మొదలుపెట్టాం. బడి గోడ మీద నేను గారపళ్ళతో నవ్వుతున్న పాప బొమ్మ వేశాను. ఆమె చాలాసేపు చూసి, "బాగేసినావు, చెరిపెయ్యి" అన్నారు.

"పళ్ళు చూస్తేనే గదమ్మా భయపడేది?"

"ఈ బళ్ళో శానామంది పిల్లోళ్ళవి అట్లాటి పళ్ళేనప్పా. దినామూ ఈ గోడ ముందరే ప్రార్థనకు నిలబడాల వాళ్ళు."

సున్నం కొట్టి, ఆ చోట ఊరినే నిలువుగా కోసినట్టు గీశాను. పైన ఇళ్ళు, కింద నీళ్ళలోకి ఫ్లోరైడు వదిలే రాతి పొరలు, ఏ బోరింగు గొట్టం ఏ రాతిదాకా దిగిందో కనబడేలా. ఆడవాళ్ళు మూగి ఎవరి ఇల్లు వాళ్ళు వెతుక్కున్నారు. "కాచి తాగితే ఆ ఫ్లోరైడు పోదా అమ్మా?" అని ఒక పెద్దాయన అడిగాడు. "ఉప్పు నీళ్ళు కాస్తే ఉప్పు పోతాదా అన్నా?" అన్నారు సుశీలమ్మ.

పరీక్షల్లో బడి దగ్గర బోరింగు మంచిదని తేలింది. అదే ఊళ్ళో లక్ష్మక్క అనే ఆమె ఇంటి ముందరిది చెడ్డదని తేలింది. సుశీలమ్మ చెప్పినట్టే దానికి నీలం, దీనికి ఎరుపు వేశాను. మళ్ళీ వెళ్ళేసరికి లక్ష్మక్క వాకిట్లోనే నిలబడి ఉంది.

"ఎర్ర రంగేసి పోతిరి. ఇప్పుడు మా ఇంట్లో మజ్జిగ గూడ ఎవురూ ముట్టరు. ఆ బోరింగు ఏయించింది మా ఆయన. సచ్చిపోయినోనికి ఇదేనా మీరు తెచ్చే పేరు?"

చుట్టూ జనం చేరారు. సుశీలమ్మ మళ్ళీ ఫ్లోరైడు గురించి చెబుతారనుకున్నాను. ఆమె అరుగు మీద కూర్చున్నారు. అందరూ వినేలా, "తప్పు నాదే లక్ష్మక్కా. నీళ్ళను చూసినా గానీ నిన్ను చూడల్యా" అన్నారు. ఆ తర్వాత, "రంగు తీసేస్తే పిల్లోళ్ళు మళ్ళా ఇవే తాగుతారు. ఏం సేయమంటావు?" అని అడిగారు.

"ఈ నీళ్ళు దేనికీ పనికిరావా?"

"ఎందుకు రావు? గుడ్డలుతికేకి, బోకులు తోమేకి బాగుంటాయి. తాగేకి, వండేకే వద్దు."

"అట్లయితే అదే ఎయ్యండి."

ఎరుపు గీకేశాను. పక్క గోడ మీద గుడ్డలుతికే ఆడమనిషిని, బిందెతో బడి వైపు నడిచే ఇంకొకామెను వేశాను. ఎమ్మిగనూరు చీర అంచు అట్లుండదని లక్ష్మక్క దిద్దింది. పని అయ్యేదాకా ఎండలోనే నిలబడింది. బోరింగు దిమ్మె మీద ఆమె భర్త పేరు రాయమన్నది సుశీలమ్మే.

తిరుగు బస్సులో, ఆదోని దగ్గరపడుతుండగా సుశీలమ్మ, "నిజమే చెప్పినాం వీరేశా. దాని పక్కన బతకాల్సింది ఆయమ్మ గదా" అన్నారు.

కొన్ని నెలలకు మళ్ళీ వెళ్ళాం. ఊరికి కొత్తవాడొకడు ఆ బోరింగు దగ్గర సీసా పట్టుకుంటుంటే లక్ష్మక్క లోపలినుంచే కేకేసింది. "అవి గుడ్డలకప్పా. తాగే నీళ్ళు బడికాడ ఉండాయి. బొమ్మ చూడు." సుశీలమ్మ నా వైపు చూసి నవ్వారు. ఆమె నవ్వు చూడడం నాకదే మొదలు.

ఆమె ఇప్పుడు లేరు. గోడబొమ్మలకు పిలుపులు వస్తూనే ఉన్నాయి. ఈమధ్య పత్తికొండలో టమాటా మార్కెట్ చెత్త గురించి బొమ్మ వేయమన్నారు. ముందురోజు కుంచెలు లేకుండా వెళ్ళి, కుళ్ళినవి ఏరే ఆడవాళ్ళ దగ్గర కూర్చున్నాను. "మమ్మల్ని చెత్త పక్కన ఎయ్యొద్దప్పా" అంది ఒకామె. మరెక్కడ వేయమంటావని అడిగాను. ఆమె లేచి, చెయ్యి తుడుచుకుని, గోడ మీద నట్టనడుమ చోటు చూపించింది. అక్కడే వేశాను.